మూల చినిగిన కార్డు

నేను బి.ఏ. పాసయ్యాను. ఈ మాట ఇవాళ చెబితే ఎవరూ తలెత్తి చూడరు. అప్పుడు మాత్రం చాలామంది చూశారు, ఎందుకంటే కనిపించిన ప్రతివాళ్ళనూ నేనే ఆపి చెప్పాను. కరీంనగర్ నుంచి చొప్పదండి వచ్చే బస్సులో కండక్టరుకు చెప్పాను. ఆయన నన్ను కొంచెం లోపలికి జరగమన్నాడు. మా మగ్గాల వాడలో ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. మా వాళ్ళలో అంత చదివినవాళ్ళు అంతకుముందు లేరు కాబట్టి, దానికి ఎంత సంతోషించాలో ఎవరికీ అందాజు లేదు. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. మా అవ్వ నూలు కండెలు చుడుతోంది. చెయ్యి ఆపకుండానే అడిగింది.

"గది ఎన్నో తరగతి బిడ్డా?"

"పద్నాలుగు అనుకో అవ్వా."

"ఇంక ఎన్నున్నయి?"

బాపు మాత్రం ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి నేనేం చెప్పినా కాదనడం మానేశాడు. ఇది మంచిదే అనుకున్నాను.

రెండు నెలలకే ఉద్యోగం కూడా వచ్చింది. ఆసిఫాబాద్‌లో, దిక్కులేని పిల్లల సంగతి చూసే ఒక చిన్న సర్కారు ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. ఆంధ్రప్రదేశ్ వచ్చి కొన్నేళ్ళయినా, ఆఫీసు బోర్డు మీద కొత్త రంగు కింద పాత ఉర్దూ అక్షరాలు కనిపిస్తుండేవి. మా సూపర్నెంటు కూడా అలాంటివాడే. నిజాం కాలంలో కొలువులో చేరి, ఎన్ని ప్రభుత్వాలు మారినా కుర్చీ మారనివాడు. నన్ను 'బి.ఏ. సాబ్' అని పిలిచేవాడు. అది గౌరవమని చాలా రోజులు అనుకున్నాను.

మా పని చెప్పుకోవడానికి తేలిక. తప్పిపోయిన పిల్లలు దొరికితే, ఊళ్ళో ఒక మంచి ఇల్లు చూసి పెంచమని అప్పజెప్పాలి. నెలకోసారి వెళ్ళి చూడాలి. కన్నవాళ్ళ ఆచూకీ దొరికితే కలపాలి. ఏడాదిలో దొరక్కపోతే హైదరాబాద్‌లోని పెద్ద వసతిగృహానికి పంపాలి. పంపాక మా దగ్గర ఫైలు మూసేస్తారు. మూసిన ఫైలు మళ్ళీ తెరిచినట్టు తన సర్వీసులో చూడలేదని సూపర్నెంటు మొదటి రోజే చెప్పాడు.

నా చేతికి వచ్చిన మొదటి ఫైలు ఒక ఆడపిల్లది. ఆరేళ్ళప్పుడు ఆసిఫాబాద్ రోడ్ స్టేషనులో దొరికింది. రైలు దిగి కుళాయి దగ్గర నీళ్ళు తాగుతుంటే రైలు కదిలిపోయింది. నేను చేరేనాటికి పదకొండో నెల నడుస్తోంది. ఊరేదంటే 'కొత్తపల్లి' అని చెబుతుంది. ఆసిఫాబాద్ ఉన్న జిల్లాలోని కొత్తపల్లులన్నిటికీ ఆఫీసువాళ్ళు ఉత్తరాలు రాశారు. ఆ పిల్ల మాది కాదని అన్నిచోట్ల నుంచీ జవాబొచ్చింది. మరి కరీంనగర్ జిల్లాలో కొత్తపల్లులు లేవా అని అడిగాను.

"ఉంటయ్," అన్నాడు సూపర్నెంటు. "గది మన జిల్లా కాదు గద, బి.ఏ. సాబ్."

పిల్లను పెంచుతున్నది ఒక ముస్లిం ముసలావిడ. భర్త పోయాడు, పిల్లలు లేరు. పాత చీరలు పరిచి బొంతలు కుట్టి బతుకుతుంది. పిల్ల ఆవిడను 'ఖాలా', అంటే పిన్ని, అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. మొదటిసారి నేను వెళ్ళినప్పుడు ఇద్దరూ బొంతకు చెరో పక్క కూర్చుని ఉన్నారు. ఇన్‌స్పెక్టరునని చెప్పి, బి.ఏ. అని కూడా చెప్పాను.

"మంచిది బేటా," అంది ఖాలా. "జర గా సూదిల దారం ఎక్కియ్యి. నాకు కండ్లు ఆనుతలేవు."

దారం ఎక్కించాను. కుడుతుండగా అది తెగింది. ఖాలా ముడి వెయ్యబోతే పిల్ల లాక్కుంది. లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, వేళ్ళకు ఇంత బూడిద అద్దుకుని వచ్చి, తెగిన రెండు కొసలనూ విప్పి ఒకదానిలో ఒకటి పెట్టి మెలిపెట్టింది. లాగి చూసింది. తెగలేదు.

నేను నోరు తెరుచుకుని చూశాను. మా ఇళ్ళలో కొత్త పడుగు పాతదానికి అతికేటప్పుడు అలాగే చేస్తారు. ముడి వేస్తే పోగు మగ్గం అచ్చు పళ్ళలో ఇరుక్కుంటుంది, అందుకని బూడిదతో మెలిపెడతారు. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టని పిల్లకు అది రాదు.

"మీ బాపు ఏం నేస్తడు?" అని అడిగాను.

"తువ్వాలలు," అంది. "ఎర్ర గళ్ళయి."

ఏడాదిగా ఆ పిల్లను ఊరి పేరు అడిగారు, తండ్రి పేరు అడిగారు, రైలు పేరు కూడా అడిగారు. ఇంట్లో ఏం పని చేస్తారని ఎవరూ అడగలేదు. అడగడానికి పద్నాలుగు తరగతులేమీ అక్కర్లేదు, కాని నేనే అడిగాను కాబట్టి ఆ సాయంత్రం ఆసిఫాబాద్‌లో తెలిసినవాళ్ళందరికీ చెప్పాను.

ఆ ఆదివారమే చొప్పదండి వెళ్ళి బాపును అడిగాను. ఎర్ర గళ్ళ తువ్వాళ్ళు నేసే కొత్తపల్లి ఏదని. బాపు నూలు సొసైటీకి వెళ్ళి, ఒక గడియ కూర్చుని తిరిగొచ్చాడు.

"దొరికింది," అన్నాడు. "ఈడికి నాలుగు కోసులు. భీమండి మిల్లులకు పోతుంటే రైల్ల పిల్ల తప్పిపోయిందట. తల్లి ఆడోళ్ల డబ్బాల, తండ్రి మొగోళ్ల డబ్బాల. తల్లి దగ్గరున్నదని తండ్రి, తండ్రి దగ్గరున్నదని తల్లి. బల్లార్షాల దిగి చూస్తే ఎవ్వల దగ్గర లేదు. మూన్నెల్లు అటుదిక్కే తిరిగి, పని వద్దు ఏం వద్దని వాపస్ వచ్చిన్రు. రేపు పొద్దున పొయ్యి చెప్పొస్త."

ఇక్కడ నేను ఒక పని చేశాను. ఇప్పుడు తలచుకుంటే చెయ్యకూడదనిపించేది అదొక్కటే.

"నువ్వు పోవద్దు బాపు," అన్నాను. "ఇది సర్కారు పని. పద్ధతి ప్రకారం ఉత్తరం పోవాలె. నేను రాస్త."

పద్ధతి సంగతి సగమే నిజం. ఆ కబురు నా చేతి రాతతో వెళ్ళాలని నా కోరిక. పుట్టి బుద్ధెరిగాక నా దగ్గర అంత మంచి కబురు ఎప్పుడూ లేదు. ఇంకొకరి నోటితో పోవడానికి మనసొప్పలేదు. బాపు నా ముఖం చూసి, సరే అన్నాడు. బి.ఏ. కాకముందైతే, "నీ పద్ధతి పాడుగాను" అని చెప్పులేసుకుని వెళ్ళేవాడు.

ఆఫీసుకొచ్చి పోస్టుకార్డు రాశాను. ఎంత బాగా రాశానంటే, అది మొత్తం ఒకే వాక్యం. 'తమకు తెలియజేయునదేమనగా' అని మొదలై, ధూమశకటం, దైవానుగ్రహం, ప్రభుత్వ పర్యవేక్షణ అన్నీ దాటుకుని, చివరి వరుసలో 'క్షేమముగా నున్నది' అని ముగుస్తుంది. 'మీ కుమార్తె' అన్న మాట రెండో వరుసలో ఉంది, ఆమె ఏమైందన్నది తొమ్మిదో వరుసలో ఉంది. సూపర్నెంటు చూసి మెచ్చుకోవాలని దాన్ని ఫైలులో పెట్టాను. ఫైలులో కాగితం పెట్టడమంటే ఎడమ పక్క పైమూలకు రంధ్రం చేసి, ట్యాగు దూర్చి ముడి వెయ్యడం. ఆయన చూశాడు.

"ఫైల్ల పెట్టినవ్ ఏంది? డబ్బాల వెయ్యి. ఇంక ఇరవై దినాలే ఉన్నయ్. నెలాఖరుకు జీపు హైదరాబాద్ పోతది, పిల్ల అండ్లనే పోతది."

పోస్టు ఎత్తే వేళయింది. ముడి గట్టిగా ఉంది. పట్టుకుని లాగాను. కార్డు వచ్చింది, మూల రాలేదు. అది ట్యాగుకే ఉండిపోయింది. పరుగెత్తి వెళ్ళి కార్డు డబ్బాలో వేసి వచ్చి, చేతులు దులుపుకున్నాను.

నాకు తెలియక చేశానంటే అబద్ధమవుతుంది. మా వాడకు వచ్చే కార్డులు రెండే రకాలు. మూలలకు పసుపు పూసినవి పెళ్ళి కార్డులు. ఒక మూల చింపినవి చావు కార్డులు. మూల చినిగిన కార్డు గడప లోపలికి రాదు. బయట చూరు కింద నిలబడి చదవాలి, చదివి అక్కడే చించెయ్యాలి, కాళ్ళు కడుక్కోవాలి. నాకు తొమ్మిదేళ్ళ వయసు నుంచీ ఆ వాడలో వాటిని చదివినవాణ్ణి నేనే. నేను నోరు తెరవకముందే, మూల చూసి ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టేవాళ్ళు. ఇదంతా నాకు తెలుసు. కాని ఆఫీసులో అన్ని కాగితాలకూ ఆ మూలన బెజ్జమే ఉంటుంది. పది రోజులు చూస్తే ఎవరికైనా అలవాటైపోతుంది.

జవాబు రాలేదు. వారం చూశాను, పది రోజులు చూశాను. ఖాలా అడిగేది, "ఏమన్న వచ్చిందా?" అని. లేదంటే, "రానీ," అనేది. ఆ 'రానీ'లో వస్తే బాగుండుననీ, రాకపోయినా బాగుండుననీ రెండూ ఉన్నాయని నాకనిపించేది. కాని రాకపోతే పిల్ల ఖాలా దగ్గరా ఉండదు. జీపెక్కుతుంది.

పద్నాలుగో రోజున బాపు వచ్చాడు. చెప్పాపెట్టకుండా చొప్పదండి నుంచి ఆసిఫాబాద్ దాకా బాపు రావడం అదే మొదలు. భుజం మీద తువ్వాలు, ముఖంలో కళ లేదు. పక్కన కూర్చుని నా వీపు మీద చెయ్యి వేశాడు.

"ఏం జేస్తం బిడ్డా. నువ్వైతే నీ పని జేసినవ్. ఆయుష్షు లేకపాయె."

"ఎవరికి?"

"గా పిల్లకు. మొన్న సొసైటీల చెప్పిన్రు. కార్డు వచ్చిందట. దినాలు గూడ జేసిన్రు. ఏమైండె? జరమా?"

నేను బాపును నేరుగా ఖాలా ఇంటికి తీసుకెళ్ళాను. పిల్ల గడపలో కూర్చుని జొన్నరొట్టె తింటోంది. మిరపకాయ కారమైందని సొ సొ అంటోంది.

బాపు చాలాసేపు చూశాడు.

"గీ పిల్లనేనా?"

"ఈ పిల్లనే."

"మరి సచ్చిందెవ్వలు?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ట్యాగుకు వేలాడుతున్న మూల. బాపుకు చెప్పాను. తిడతాడనుకున్నాను. బాపు నవ్వలేదు, తిట్టలేదు. "పద్ధతి ప్రకారమే పోయిందన్నట్టు," అన్నాడు. లేచి, వచ్చిన బస్సు తిరిగి పోకముందే ఎక్కేశాడు. కొత్తపల్లి పోవడానికి ఈసారి నా అనుమతి అడగలేదు.

తండ్రీ తల్లీ బాపు మాట నమ్మారు, కాని వాళ్ళు ఆసిఫాబాద్ రావడానికి వీల్లేదని కబురొచ్చింది. దినాలు చేసినా నెల మైల తీరలేదట, అందాకా పొలిమేర దాటకూడదట. పిల్లనే నేను తీసుకెళ్ళాలి. నాలుగు రోజుల్లో జీపు. సూపర్నెంటు ఒక ఫారం ఇచ్చాడు. 'ఈ పిల్లను మా ఇంట చేర్చుకొన్నాము' అని ఉంది, కింద తల్లిదండ్రుల వేలిముద్రలకు చోటుంది.

"ముద్రలుంటె పిల్ల ఆడ్నే ఉంటది," అన్నాడు. "లేకుంటె వాపస్ తోల్కరా. జీపు నీకోసం ఆగది."

ఖాలా తనూ వస్తానంది. ఎందుకంటే, "పిల్లకు తోవల ఆకలైతది," అంది. ఒక చిన్న బొంత మూటలో కట్టింది, విప్పింది, మళ్ళీ కట్టింది. "నాకేం ఫికర్ లేదు," అని నేను అడగకుండానే చెప్పింది.

రైల్లో పిల్ల చేతులు ఇద్దరం చెరోటి పట్టుకున్నాం. ఏ స్టేషనులోనూ నీళ్ళు తాగనివ్వలేదు.

కొత్తపల్లి పొలిమేర దగ్గర తల్లి నిలబడి ఉంది. పొద్దున నుంచీ అక్కడే ఉందట. పిల్లను చూసి పరుగెత్తి రాలేదు. మేము దగ్గరికి వచ్చేదాకా అలాగే నిలబడి, వచ్చాక పిల్ల చేతులు, చెవులు, మెడ, మోకాళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసింది. మోకాలి మీద పాత మచ్చ దొరికాక కూలబడిపోయి పిల్లను కావలించుకుంది. పిల్లకు ఊపిరాడక తోసింది. "అవ్వా, జర ఇడువు," అంది.

అంతా అయిపోయిందనుకున్నాను. ఫారం జేబులోంచి తీశాను కూడా. కాని ఇంటి గడపలో పిల్ల నాయనమ్మ చేతులు అడ్డం పెట్టి నిలబడి ఉంది.

"ఆగున్రి. అరుగు మీద కూసోన్రి. లోపలికి రావద్దు."

"మీ మనుమరాలే అమ్మా," అన్నాను. "సర్కారు నుంచి నేనే తెచ్చిన. బి.ఏ. చదివిన."

"నా మనుమరాలు గాదని నేనన్ననా? దినాలైనయి. మూడోనాడు పిట్టకు పెట్టినం. పిట్ట ముట్టింది."

"కాకి ఏదైనా తింటది గదమ్మా."

"మా మామ పోయిన్నాడు పొద్దుందాక చూసినా ముట్టలేదు. నా మొగడు పోయిన్నాడు సుట్ట పెడితే గని ముట్టలేదు. దీనికైతే పెట్టుడే ఆలస్యం, గబుక్కున ముట్టింది. కాకికి తెల్వదా? నీకే తెలుసా?"

నా దగ్గర కార్డు సంగతి తప్ప వేరే సాక్ష్యం లేదు. చెప్పాను. ఫైలు, ట్యాగు, ముడి, లాగడం, అన్నీ చెప్పాను. పోస్టుమాన్‌ను పిలిపించారు. అతను దూరం నుంచే మూల చూశాడట. చదవమంటే 'మీ కుమార్తె' దాకా చదివి, ఇంకా చాలా ఉందని చూసి, ఇంక చదివేదేముందని ఆపేశాడట. తండ్రి అక్కడే చించేసి కాళ్ళు కడుక్కున్నాడట. తొమ్మిదో వరుసను ఎవరూ చూడలేదు.

తల్లి నావైపు చూసింది. "ముడే గద," అంది. "చేతితోని ఇప్పితే వస్తుండె."

అది నేత ఇంటి మనిషి మాట. ఫారం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

ఈలోగా పిల్లకు ఒక సందేహం వచ్చింది.

"నాయనమ్మా, పిట్టకు ఏం పెట్టిన్రు?"

"నువ్వు తినేటియే. గారెలు, బెల్లంబువ్వ."

"నా గారెలు కాకికి పెట్టిన్రా?" పిల్ల ముఖం ఎర్రబడింది. ఏడాది తర్వాత ఇంటి ముందు కూర్చుని అది ఏడ్చింది మొదట దీనికే. "ఎన్ని పెట్టిన్రు?"

ముసలావిడ ఎటో చూసింది. "ఐదు," అంది మెల్లగా. చేతులు మాత్రం తియ్యలేదు.

అంతవరకూ నోరు తెరవని ఖాలా అప్పుడడిగింది. "అక్కా, మీ తాన దీనికి తోవ లేదా? సచ్చినోళ్లు వాపస్ వస్తె ఏం జేస్తరు?"

"ఎందుకు లేదు," అంది నాయనమ్మ, ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు. "మల్ల పుట్టాలె. తొట్టెల ఎయ్యాలె, పేరు పెట్టాలె. గప్పుడు కొత్త పిల్ల. కొత్త పిల్ల ఇంట్లకు రావచ్చు."

"మరి గింతసేపు ఎందుకు సతాయించినవ్?" అంది ఖాలా.

"ఎవ్వలన్న అడిగితే గద చెప్పుడు. గీ సదువుకున్నాయిన కాకి మీద కొట్లాటకు దిగె."

చూరు కింద దూలానికి తల్లి చీర కట్టి ఉయ్యాల వేశారు. ఏడేళ్ళ పిల్లను అందులో కూర్చోబెడితే కాళ్ళు నేలకు తగులుతున్నాయి. వాడలో ఆడవాళ్ళందరూ వచ్చారు. వాళ్ళలో కొందరు రెండు వారాల కింద ఇదే చూరు కింద ఏడ్చి వెళ్ళినవాళ్ళు. ఇప్పుడు పసుపూ కుంకుమా తీసుకున్నారు.

మా దిక్కు తొట్టెలో వేసేటప్పుడు ఒక పద్ధతుంది. తొట్టెకు అటొకరు, ఇటొకరు నిలబడతారు. ఒకరు బిడ్డను తొట్టె కింది నుంచి ఇస్తారు, రెండోవాళ్ళు అందుకుంటారు. మూడుసార్లు. అందుకునేది తల్లి. ఇచ్చేది ఎవరని ప్రశ్న వచ్చింది. మేనత్త లేదు. నాయనమ్మ చుట్టూ చూసి, ఖాలా చెయ్యి పట్టుకుని లాగి అటుపక్క నిలబెట్టింది.

"ఇన్ని దినాలు పెట్టుకున్నది నువ్వే గద. నువ్వే ఇయ్యి."

అంత పిల్లను ఎత్తి ఇవ్వడం ఎవరి తరం? పిల్లే మోకాళ్ళ మీద పాకింది. మొదటిసారి ఖాలా దగ్గర నుంచి తల్లి దగ్గరికి పాకి, లేచి నవ్వింది. తిరిగొచ్చి రెండోసారి పాకింది. మూడోసారి ఖాలా దాని గౌను అంచు పట్టుకుని ఉంది. కావాలని కాదనుకుంటాను. పిల్ల ఆగి వెనక్కి చూసింది. అటుపక్క తల్లి చేతులు చాచి ఉంది, పిలవలేదు. ఖాలా వంగి పిల్ల చెవిలో ఏదో చెప్పి, అంచు వదిలింది. పిల్ల పాకి వెళ్ళింది.

కొత్త పేరు పెడదామంటే పిల్ల ఒప్పుకోలేదు. "నా పేరు నాకున్నది," అంది. పాత పేరే కొత్తగా పెట్టారు. నాయనమ్మ గడపలోంచి తప్పుకుంది. తండ్రీ తల్లీ ఫారం మీద వేలిముద్రలు వేశారు. సాక్షి సంతకం నాది. పేరు పక్కన బి.ఏ. అని రాయడానికి చోటుంది, కాని రాయలేదు.

తిరుగు రైల్లో ఖాలాను అడిగాను, చెవిలో ఏం చెప్పావని. దీవెనో, ప్రార్థనో అనుకున్నాను.

"జుట్టుకు దినాం నూనె పెట్టిచ్చుకొమ్మన్న," అంది. "మరుస్తది గది." తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మళ్ళీ ఆసిఫాబాద్ వచ్చేదాకా ఆవిడ ముఖం నాకు కనిపించలేదు. మరుసటి నెల నేను ఇంకో పిల్లను తీసుకుని ఆవిడ గుమ్మం ముందు నిలబడితే, "దీనికి కారం తినొస్తదా?" అని అడిగి లోపలికి జరిగింది.

కొత్తపల్లిలో మేము బయల్దేరే ముందు జరిగింది ఒకటి చెప్పలేదు. నాయనమ్మ గారెలు వండింది. పిల్ల ఉయ్యాలలో కూర్చుని, కాళ్ళతో నేలను తన్నుకుంటూ ఊగుతూ తింటోంది. ఒక కాకి వచ్చి చూరు పెంకు మీద వాలింది. మొన్నటిదే అయ్యుండాలి, దానికి ఆ ఇల్లు తెలిసినట్టే ఉంది. పిల్ల తినడం ఆపి దాన్ని చూసింది. అది పిల్లను చూసింది. పిల్ల చేతిలో ఉన్న గారె మొత్తం నోట్లో కుక్కుకుని, ఆకులో మిగిలిన నాలుగూ ఒళ్ళోకి లాక్కుంది.